ఉంగటం చెప్పులు

మా తాత చుండూరు కామందులకి చెప్పులు కుట్టేవాడు. ఎవరి పాదం ఎటు ఒరుగుతుందో, ఎవరి మడమ ముందు అరుగుతుందో, ఎవరి బొటనవేలు పక్కవేలి మీదికి వాలుతోందో ఆయనకి తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఆయన మాత్రం ఊరి నడివీధిలో చెప్పులేసుకుని నడవలేదు. తెనాలి వెళ్ళాల్సొస్తే తన జత చంకలో పెట్టుకుని పొలిమేర దాకా నడిచి, అక్కడ తొడుక్కునేవాడు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అక్కడే విప్పేవాడు. ఆ ఊరికి కట్టుబాటు అది. ఎవరూ రాసిపెట్టలేదు, అయినా తెలియనివాడు లేడు.

నేను సర్కారు ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఈమధ్య నా కుడికాలి బొటనవేలికి ఆపరేషన్ అయింది. బొటనవేలు మొదట్లో లోపలివైపు బుడిపె లేచి, వేలు పక్కకి వాలిపోయే జబ్బు. డాక్టర్లు బనియన్ అంటారు, కేస్‌షీట్లో హాలక్స్ వాల్గస్ అని రాస్తారు. కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టుకుని కూర్చున్న వారాల్లో మా తాత పని గురించి ఆలోచించినంతగా జన్మలో ఎప్పుడూ ఆలోచించలేదు. పాదం గురించి మా పల్లెకి తెలిసినదంతా చదువు కింద ఎందుకు లెక్కకి రాలేదన్నది నా ప్రశ్న.

మా వైపు నేల సంగతి ముందు చెప్పాలి. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. పడమటి డెల్టాకి కాలువలొచ్చాయి. చుండూరు, మోదుకూరు, వేమూరు, అమర్తలూరు చుట్టూ నల్లరేగడి అంతా మాగాణి అయింది. మాగాణి దమ్ములో చెప్పు నిలవదు. నారు పీకేవాళ్ళకీ, నాట్లేసేవాళ్ళకీ తొలకరి నుంచి కోతల దాకా కాళ్ళు బురదలోనే. వేళ్ళ సందులు ఒరిసిపోయేవి, మడమలు పగిలేవి. పొద్దుగూకి వచ్చాక ఆముదంలో పసుపు కలిపి రాసుకునేవాళ్ళు. మా అమ్మ కాళ్ళు అలాంటివే. బొటనవేలు మిగిలిన వేళ్ళకి దూరంగా, విడిగా, బలంగా ఉండేది. గట్టు మీద జారకుండా నడవాలంటే ఆ వేలే పట్టు.

చెప్పు కావలసింది గట్టు మీద నిలబడి పని చేయించేవాళ్ళకి, బండి తోలేవాళ్ళకి, ఎండలో ఊళ్ళు తిరిగేవాళ్ళకి. ఊళ్ళో గొడ్డు చస్తే దాన్ని ఈడ్చుకుపోయే పనీ, తోలు తీసే హక్కూ మా వాళ్ళవి. అందుకు బదులుగా ఆ రైతుకి చెప్పులు, చెర్నాకోలలు, ఎద్దుల మెడపట్టీలు ఇవ్వాలి. కూలి డబ్బుల్లో కాదు. కోతలయ్యాక కళ్ళంలో కొలిచే మేర. పంట బాగుంటే మేర బాగుండేది. వానో గాలివానో వస్తే కుట్టిన చెప్పు కామందు కాలికి ఉండేది, మా ఇంట గింజ ఉండేది కాదు.

తోలు ఊనడం నేను చిన్నప్పుడు చూశాను. పచ్చితోలుకి ఉప్పు పట్టించి, సున్నం నీళ్ళలో రోజుల తరబడి నానేస్తే వెంట్రుకలు వదులవుతాయి. మొద్దుకత్తితో గీకి, కడిగి, తంగేడు చెక్క నానేసిన లందలో వేస్తారు. చెక్క వగరు తోలులోకి దిగేకొద్దీ అది కుళ్ళడం మాని గట్టిపడుతుంది. చెక్క మార్చాలి, తోలు తిరగేయాలి, మళ్ళీ చెక్క మార్చాలి. ఆ లంద వాసన గురించి ఊరు మమ్మల్ని ఎంతగా వెలేసిందో నాకు తెలుసు. బళ్ళో నా పక్కన కూర్చోనన్న పిల్లలున్నారు. అదే తంగేడు చెక్కతో ఊనిన తోళ్ళు మద్రాసు రేవులో ఓడలెక్కి ఇంగ్లండు దాకా పోయేవి, అక్కడ దొరల బూట్లయ్యేవి. మద్రాసు రాష్ట్రానికి అదొక పెద్ద ఎగుమతి వ్యాపారం. లందలో చేతులు పెట్టినవాళ్ళకి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు.

ఇక కొలత. కామందు వాకిట్లో తాత తోలుముక్క పరిచేవాడు. కామందు దాని మీద కాలు పెట్టి నిలబడేవాడు. కూర్చుని కాదు, నిలబడే. బరువు పడితేగాని పాదం తన అసలు వెడల్పు చూపించదు. తాత ఆ పాదాన్ని తాకకూడదు. బొగ్గుముక్క నిటారుగా పట్టుకుని, చర్మానికి వెంట్రుకవాసి దూరంలో, మడమ నుంచి మొదలుపెట్టి చుట్టూ గీత గీసేవాడు. బొటనవేలి దగ్గరికొచ్చేసరికి చెయ్యి కాస్త బయటికి జరిగేది. అక్కడ వేలు ఆడేంత చోటు ఎప్పుడూ వదిలేవాడు. మూడు నాలుగు పొరల గేదె తోలు అత్తలుగా పేర్చి, ఆరెతో పొడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టేవాడు. పాదం మీద అడ్డంగా వెడల్పాటి పట్టీ, ముందు బొటనవేలు ఒక్కటే దూరే తోలు చుట్టు. దాన్ని ఉంగటం అంటారు. మిగిలిన నాలుగు వేళ్ళకీ ఏ అడ్డూ లేదు. కొత్త చెప్పు ఆముదం తాగి కిర్రుమంటుంటే కామందు మురిసిపోయేవాడట. నడకని బట్టి ఎవరొస్తున్నారో వాకిట్లోంచే తెలిసేదని అమ్మ చెప్పేది. చెప్పులు ముట్టకూడనివి, కుట్టినవాడు అంటరానివాడు. కాని ఆ పాదం తీరు ఆయన చేతికి కంఠతా వచ్చు.

మా వైపు క్రైస్తవం వచ్చాక ఇంకో రకం పాదాలు కనిపించాయి. సాల్వేషన్ ఆర్మీని మన దేశానికి 1882లో తెచ్చిన ఫ్రెడరిక్ టక్కర్ అంతకుముందు ఐసీఎస్ ఆఫీసరు. ఆయనా, ఆయన వెంట వచ్చినవాళ్ళూ బూట్లు విప్పేసి, కాషాయం కట్టి, ఉత్తకాళ్ళతో నడిచారు. పేదల్లో కలవాలంటే అదే దారని వాళ్ళ నమ్మకం. వాళ్ళ సంస్థే తరవాత నిడుబ్రోలులో ఎవాంజలీన్ బూత్ ఆసుపత్రీ, బాపట్లలో కుష్ఠు ఆసుపత్రీ నడిపింది. వాళ్ళంటే నాకు గౌరవమే. అయితే మా పెద్దలు వాళ్ళ బడుల నుంచి కోరుకున్నది ఉత్తకాళ్ళు కాదు. నాయన నన్ను నర్సింగుకి పంపిస్తూ కొనిచ్చిన మొదటి వస్తువు నల్ల బూట్ల జత. తెనాలిలో కొన్నాడు. రైల్వే స్టేషనుకి వాటితోనే నడిపించాడు, నడివీధిలోంచి. ఆ ఉదయం ఆయన నా వెనక కాదు, పక్కన నడిచాడు.

గుంటూరుకి మిషను డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో అక్కడ ఆడవాళ్ళ ఆసుపత్రి తెరిచింది. ఈ ప్రాంతంలో మా వంటి ఇళ్ళ ఆడపిల్లలకి నర్సు ఉద్యోగం అన్న దారి అలాంటి మిషను ఆసుపత్రుల నుంచే పడింది. ఆ దారిలో యూనిఫాం వచ్చింది, దాంతోపాటు ముందు కొస సన్నగా ఉండే బిగుతు బూటు వచ్చింది. నేను పనిచేసిన చోట్ల అది తప్పనిసరి. వేళ్ళు కనిపించే చెప్పులతో వార్డులోకొస్తే మెమో ఇచ్చేవాళ్ళు. పన్నెండు గంటల నైట్ డ్యూటీ, సిమెంటు గచ్చు, కాళ్ళు వాచినా బిగుసుకునే ఉండే బూటు. బొటనవేలు ఏళ్ళ తరబడి పక్కకి నెట్టబడితే దాని వెనక ఉన్న పొడుగాటి ఎముక ఎదురువైపుకి జరుగుతుంది. మనకి బుడిపెగా కనిపించేది కొత్తగా పెరిగిన ఎముక కాదు, జరిగిన ఆ ఎముక తలే. వంశాన్ని బట్టి కూడా వస్తుంది, ఆడవాళ్ళలో ఎక్కువ. కాని బూటు పాత్ర చిన్నది కాదు. హాంకాంగ్‌లో లామ్ సిమ్-ఫూక్, హాడ్జ్‌సన్ అనే డాక్టర్లు 1958లో అచ్చువేసిన పరిశీలనలో బూట్లు తొడిగే చైనీయుల్లో నూటికి 33 మందికి వేలు వాలి ఉంది. ఉత్తకాళ్ళతో బతికినవాళ్ళలో అది 1.9 శాతమే. మన దేశంలో మణిపాల్ డాక్టర్లు రావు, జోసెఫ్ 2300 మంది పిల్లల పాదముద్రలు తీసి 1992లో రాసినదీ ఇలాంటిదే. అది చదును పాదాల సంగతి. చెప్పులో బూట్లో తొడిగే పిల్లల్లో 8.6 శాతం, తొడగని పిల్లల్లో 2.8 శాతం. మూసిన ముక్కు బూట్లు తొడిగిన వాళ్ళలో మరీ ఎక్కువని వాళ్ళు తేల్చారు.

ఇవి చదివి ఉత్తకాళ్ళే మేలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉత్తకాళ్ళతో మా పల్లె ఎన్ని ముళ్ళు, ఎంత కొంకిపురుగు, ఎన్ని ధనుర్వాతాలు మోసిందో వార్డులో చూసినదాన్ని. కాలికి చెప్పు కావాలి. ఆ చెప్పు పాదం కొలతకి ఉండాలి. అంతే.

పాదం మాట ఎత్తాక చుండూరులో 1991ని దాటిపోవడం కుదరదు. ఆ జూలైలో ఊళ్ళో సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. పొరపాటున తగిలిన కాలు. అక్కడి నుంచి గొడవ, దళితులకి పనులు ఇవ్వకుండా సాంఘిక బహిష్కారం, ఆగస్టు 6న ఎనిమిది మంది హత్య. శవాలని గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. పల్లె పల్లెంతా ఊరొదిలి తెనాలి చేరింది. చనిపోయినవాళ్ళని తెచ్చి ఊరి నడిమధ్యన పూడ్చారు. ఆ చోటు పేరు రక్తక్షేత్రం. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి మా వాళ్ళు ఏళ్ళపాటు పోరాడారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. మా తాత కామందు పాదాన్ని తాకకుండా వెంట్రుకవాసి దూరంలో గీసిన గీత ఎందుకో నాకు పూర్తిగా అర్థమైంది 1991లోనే. ఒక కాలు ఇంకో మనిషికి తగలడం ఆ ఊళ్ళో ఎంత పెద్ద విషయమో ఆయన చెయ్యి ముందే ఎరుగును.

ఆ తరవాత మా బంధువుల్లో చాలామంది తెనాలిలోనే ఉండిపోయారు. చెప్పులు కుట్టే పని అప్పటికే పోయింది. హవాయి చెప్పులొచ్చాయి, బాటా షాపులొచ్చాయి, ట్రాక్టర్లొచ్చి ఎద్దులు పోయాయి, ఎద్దులతోపాటు తోలూ పోయింది. లంద పూడ్చేసిన చోట మా చిన్నాన్న ఇల్లు కట్టుకున్నాడు. ఆ పని పోయినందుకు ఏడ్చినవాళ్ళని మా ఇళ్ళలో నేను చూడలేదు, నేనూ ఏడవను. కులం అంటగట్టిన పని అది. కాని పనితోపాటు పోయిన తెలివికి మాత్రం బాధగా ఉంటుంది. రెండూ వేరని మా పిల్లలకి చెబుతుంటాను.

ఆపరేషన్ సంగతి కాస్త వివరంగా రాస్తాను. మా వైపు ఆడవాళ్ళు ఎంతోమంది ఈ బుడిపెని ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుకుంటున్నారు. షుగరు ఉన్నవాళ్ళు అలా చెక్కుకుంటే కాలికే ముప్పు. బుడిపె ఉన్న ప్రతివాళ్ళకీ కోత అక్కర్లేదు. నొప్పి రోజువారీ నడకని ఆపేస్తేనే, వెడల్పు చెప్పులతో తగ్గకపోతేనే. ఎక్స్‌రే నిలబడి తీయించుకోవాలి. పడుకుని తీస్తే వేలు అసలు ఎంత వాలిందో తెలియదు. మా తాత నిలబెట్టే కొలత తీసినట్టు ఎక్స్‌రే టెక్నీషియన్ నన్ను బల్ల మీద నిలబెట్టినప్పుడు నాకు గొంతు పట్టుకుంది. వేలి వాలు పదిహేను డిగ్రీలు దాటితే జబ్బు కిందే లెక్క. ఒకప్పుడు డాక్టర్లు బుడిపెని చెక్కేసి ఊరుకునేవాళ్ళు. 1904లో కెల్లర్ అనే అమెరికా సైన్యం సర్జను కీలులో ఒక భాగాన్నే తీసేసే పద్ధతి రాశాడు. ఇప్పుడు జరిగిన ఎముకని కోసి, సరైన చోటికి జరిపి, చిన్న స్క్రూ వేస్తున్నారు. నాకు చేసింది అదే.

ముందు జాగ్రత్తలు ఇంట్లోనే ఎక్కువ. షుగరు, బీపీ అదుపులో పెట్టుకోవడం, పొగతాగే అలవాటుంటే మానడం (ఎముక అతుక్కోదు), రక్తం పలచబరిచే మందులుంటే డాక్టరుకి చెప్పడం, ఇవన్నీ ఆసుపత్రివాళ్ళు అడుగుతారు. నేలబారు దొడ్డి ఉందా అని ఎవరూ అడగరు. ఆపరేషనయ్యాక గొంతుక్కూర్చోవడం కుదరదు. మా ఇంట్లో ముందే కమోడ్ కుర్చీ తెప్పించాను. మంచం కింది గదిలోకి దింపించాను. వాకర్‌తో నడక ముందు వారమే నేర్చుకున్నాను. పీట మీద కూర్చుని తినే అలవాటు మానేసి బల్ల దగ్గరికి మారాను. కాలి వేళ్ళకి మెట్టెలుంటే ముందే తీయించాలి. వాచిన వేలి నుంచి ఆపరేషన్ బల్ల మీద మెట్టె కోసి తీయాల్సిన కేసులు నేను చూశాను. పుస్తెంత సెంటిమెంటుతో ఏడ్చిన ఆవిడని సముదాయించడానికి అరగంట పట్టింది.

చుట్టాలతో ఇంకో తంటా. పప్పు తింటే చీము పడుతుందన్నారు. గుడ్డు వద్దు, వంకాయ వద్దు, గోంగూర అసలొద్దు. మా వదినైతే చిత్తూరు వైపు పుత్తూరు కట్టు కట్టించుకోమంది. విరిగిన ఎముకకి కట్టే కట్టు వేరు, వంకర తిరిగిన ఎముకని కోసి జరపడం వేరు అని ఓపిగ్గా చెప్పాను. గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పూ గుడ్డూ మానేస్తే ఇంకా ఆలస్యమవుతుంది. వార్డులో బాలింతలకి, కోత పడ్డవాళ్ళకి ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అలిసింది. చెప్పడం మాత్రం మానను.

ఆపరేషన్ అయ్యాక మొదటి రెండు వారాలు కాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలి. దించితే చాలు, రక్తమంతా వేలిలోకి దిగి సలుపుతుంది. కట్టు మార్చినప్పుడు నా వేలిని నేనే చూసుకున్నాను. నల్లటి కుట్లు, అయొడిన్ మరకలు, వంకాయ రంగు తేలిన చర్మం, మధ్యలో నిటారుగా నిలబడ్డ వేలు. వేలి పక్కన చర్మానికి స్పర్శ తెలియలేదు. చిన్న నరం కదిలినప్పుడు అలా ఉంటుంది, చాలామందికి మెల్లగా తిరిగొస్తుంది. కుట్లు విప్పాక దాదాపు ఆరు వారాల దాకా గట్టి అడుగున్న ప్రత్యేకమైన చెప్పుతో, మడమ మీద బరువేసి నడక. తరవాత వేలిని పైకీ కిందికీ వంచే వ్యాయామం. ఇది బాధపెడుతుంది, కాని ఎగ్గొడితే కీలు బిగుసుకుపోతుంది. వాపు ఆరు నెలలైనా పూర్తిగా పోకపోవచ్చు. సాయంత్రానికి మళ్ళీ కనిపిస్తుంది. దానికి భయపడక్కర్లేదు. జ్వరమొచ్చినా, గాయం నుంచి రసి కారినా, పిక్క వాచి నొప్పెట్టినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆరు వారాల తరవాత డాక్టరు అడిగిన మొదటి మాట: ముందువైపు వెడల్పుగా, వేళ్ళు విడివిడిగా ఉండే, అడుగు మందంగా ఉండే చెప్పులున్నాయా? గుంటూరు షాపులన్నీ తిరిగాను. ఆడవాళ్ళ చెప్పుల్లో అలాంటిది ఒక్కటి దొరికితే ఒట్టు. చివరికి తెనాలిలో రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చునే పెద్దాయన దగ్గరికెళ్ళాను. కాగితం మీద నన్ను నిలబెట్టి, పాదం చేత్తో పట్టుకుని, పెన్సిలుతో గీశాడు. బొటనవేలి దగ్గర పెన్సిలు బయటికి జరిగింది. "ఇక్కడ చోటుండాలమ్మా" అన్నాడు. నాకు చెప్పవలసిన అవసరం లేదని ఆయనకి తెలియదు.

ఈ తెలివికి ఒకచోట మాత్రం మర్యాద దొరికింది. వెల్లూరులో 1946 నుంచి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల పాదాల పుండ్లు జబ్బు వల్ల మాంసం కుళ్ళి వచ్చినవి కావనీ, స్పర్శ పోయిన పాదం ఒకేచోట ఒత్తిడి పడుతున్నా తెలుసుకోలేక నడవడం వల్ల వస్తున్నాయనీ రుజువు చేశాడు. మందు మెత్తటి మైక్రో సెల్యులార్ రబ్బరు అడుగున్న చెప్పు. ఎమ్‌సీఆర్ చెప్పు అంటారు. అందులో మేకు వాడకూడదు, గుచ్చుకున్నా రోగికి తెలియదు కనక. ప్రతి పాదానికీ కొలత తీసి కుట్టాలి. అందుకే కుష్ఠు ఆసుపత్రుల్లో డాక్టరు గదికి దగ్గరలోనే చెప్పుల గది ఉండేది. అక్కడ చెప్పులు కుట్టేవాడు వైద్యంలో భాగం. పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కొలిచేవాడు.

ఇప్పుడు కుష్ఠు తగ్గింది, షుగరు పెరిగింది. స్పర్శ పోయిన పాదాలు ఇప్పుడు షుగరువాళ్ళవి. వాళ్ళకీ, నాలాంటి బొటనవేలి వాళ్ళకీ ఒకే రకం చెప్పు కావాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఎముకల వార్డు పక్కన చెప్పులు కుట్టేవాళ్ళకి ఒక గది, పర్మనెంటు ఉద్యోగం, టెక్నీషియన్‌తో సమానంగా జీతం ఇవ్వాలని నేను అడుగుతున్నాను. ఏ కులం పిల్లలైనా వచ్చి నేర్చుకునే కోర్సుగా పెట్టాలి, మా ఇళ్ళ పిల్లలకే అంటగట్టకూడదు. తెనాలి జిల్లా ఆసుపత్రిలో మొదలుపెడితే ఆ గదికి కావలసిన సామాను జాబితా నేనే రాసిస్తాను: రెండు ఆరెలు, తోలు కత్తి, గూటం, ఎమ్‌సీఆర్ షీట్లు, జిగురు, మైనం దారం, రోగి నిలబడి పాదం గీయించుకోవడానికి తెల్ల కాగితాల బొత్తి, పట్టుకోవడానికి గోడకి ఒక ఇనపకడ్డీ.